మెట్ల బడిలో నూట పన్నెండు బెంచీలు

నగరంలో సర్కారు బడులు నలభై మూడు. ఏ బడి ఎలా నడుస్తోందో చెప్పడానికి బడుల బోర్డు వాళ్ళు ఏటా ఒక లావుపాటి నివేదిక అచ్చు వేస్తారు. అదే సంగతి బెంచీల బాబాయిని అడిగితే ఒక బెంచీని బోర్లా తిప్పి చూసి చెప్పేసేవాడు.

ఆయన బోర్డు ఆఫీసు అడుగున, నేలమాళిగలోని మరమ్మతు షెడ్డులో వడ్రంగి. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఇంకో పదకొండు నెలల్లో రిటైరు. నలభై మూడు బడుల్లో విరిగిన బెంచీలన్నీ లారీ ఎక్కి ఆయన దగ్గరికే వచ్చేవి. రాగానే ఉలి పట్టుకునే అలవాటు ఆయనకి లేదు. ముందు బెంచీని తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, పది నిమిషాలు చదివేవాడు. పాఠం బాగుంటే పిల్లలు ముందుకి వంగుతారు, బల్ల ముందు అంచు నున్నగా అరుగుతుంది. పాఠం బాగోకపోతే వెనక్కి ఊగుతారు, వెనక కాళ్ళ కీళ్ళు వదులవుతాయి. ఫలానా బడిలో లెక్కల టీచరు మారిందని బోర్డు డైరెక్టర్‌కి కబురు అందకముందే బాబాయికి కీళ్ళ ద్వారా తెలిసిపోయేది.

ఒకసారి ఒక బెంచీ అడుగున పక్క ఊరి బస్సు దారులన్నీ కాంపస్ ముల్లుతో చెక్కి ఉన్నాయట. బాబాయి ఆ దారులు కాగితం మీదకి దించుకుని, ఎన్నడూ ఎరగని ఆ ఊరికి పెళ్ళికి వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా పెళ్ళివారింటికి చేరాడు. ఒక్క చోట మాత్రం దారి మధ్యలో ఆగిపోయింది. చెక్కుతున్నవాణ్ణి అక్కడే టీచరు బోర్డు దగ్గరికి పిలిచి ఉంటుంది. బాబాయి ఆ కూడలిలో అరగంట నిలబడిపోయాడు. ఈ కథ విన్నవాళ్ళలో సగం మంది నమ్మలేదు. మిగతా సగం ఆ బెంచీ ఎక్కడుందని అడిగారు.

"మీ ముక్కు మీకంటే రెండడుగులు ముందు నడుస్తుంది. ఏదో ఒక రోజు తలుపు సందులో పడుతుంది చూడండి" అనేది ఆయన భార్య.

ఆ రోజు రానే వచ్చింది. ఒక సోమవారం సాయంత్రం మనవరాలు బడి నుంచి వస్తూ సంచిలో ఒక కాగితం తెచ్చింది. పిల్లకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అనేవారు, బడిలో కూడా అదే పేరు పాకిపోయింది. చదివేది మెట్ల బడిలో. వీధిలోంచి పదిహేడు మెట్లెక్కితే బడి గుమ్మం వస్తుంది కాబట్టి దానికా పేరు. బాబాయి ఇల్లు ఆ మెట్లకి ఎదురు సందులో మూడోది.

"తాతయ్యా, 'విలీనం' అంటే ఏంటి?" అంది పిడుగు చెప్పులు విప్పకుండానే.

బాబాయి కాగితం అందుకున్నాడు. సీట్ల వినియోగం వరుసగా రెండేళ్ళు సగం కంటే తక్కువ ఉన్నందువల్ల మెట్ల బడిని వచ్చే ఏడాది నుంచి హైవే అవతలి పెద్ద బడిలో విలీనం చేయాలని ప్రతిపాదన ఉందనీ, శుక్రవారం మధ్యాహ్నం బోర్డు సమావేశంలో తేలుస్తారనీ, చెప్పుకోవలసినవాళ్ళు వచ్చి మూడు నిమిషాలు చెప్పుకోవచ్చనీ అందులో ఉంది.

"మూసేస్తారన్నమాట" అంది కూతురు. ఆవిడ సిటీ బస్సు కండక్టరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది, టిక్కెట్ల మిషను ఇంకా భుజానే ఉంది. "నాన్నా, నా బస్సు డిపో నుంచి బయల్దేరేది ఆరింటికి. ఇది ఒక్కతే మెట్లెక్కి బడికి పోతోంది కాబట్టి సరిపోతోంది. హైవే దాటి రెండు బస్సులు మారాలంటే దీన్నెవరు తీసుకెళ్తారు? అమ్మ మోకాళ్ళతో అమ్మ, నీ షెడ్డుతో నువ్వు. నేను ఉద్యోగం మానుకోవాలి, లేదా దీన్ని వాళ్ళ నాన్న ఊరికి పంపేయాలి."

ఆ మనిషి నాలుగేళ్ళ క్రితం ఇంకో సంసారం పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిడుగు, అమ్మమ్మ వెనక్కి జరిగి, ఆవిడ చీర కొంగు పట్టుకుంది.

"సగం కూడా నిండలేదట. ఎలా కుదురుతుంది? నేను నెలకోసారైనా ఆ బడికి వెళ్తాను. క్లాసులు కిటకిటలాడుతుంటాయి" అన్నాడు బాబాయి.

ఆయన వెళ్ళేది నిజమే. షెడ్డులో చెమ్మ ఎక్కువ, పదకొండేళ్ళ క్రితం పైపు పగిలి ఇరవై బెంచీలు ఉబ్బిపోయాయి. అప్పట్నుంచీ బాగుచేసిన సరుకు తడవకుండా మెట్ల బడి పై అంతస్తులో వాడకంలో లేని మూడు గదుల్లో పెట్టి వస్తుండేవాడు. పెడుతూ పెడుతూ కింది క్లాసుల్లోకి తొంగిచూసేవాడు.

"ఇంతకీ సగమని చెప్పిందెవరు?" అన్నాడు.

"మొదలైంది" అంది భార్య.

మర్నాడు పొద్దున్నే పదిహేడు మెట్లూ ఎక్కి హెడ్ మేడమ్‌ని కలిశాడు. ఆవిడ రెండేళ్ళ క్రితం వచ్చిన మనిషి, తాళం వేసిన పై గదుల్లో ఏదో పాత సామాను ఉందనే అనుకునేది. కళ్ళ కింద నలుపు, చేతిలో ఎర్ర పెన్ను.

"రెండు వందల ఎనభై ఒక్క మంది పిల్లలు బాబాయ్. హాజరు బాగుంది. బోర్డు నివేదికలో మనకి మంచి రంగులే వచ్చాయి. చదవడంలో ఆకుపచ్చ, లెక్కల్లో పసుపు. ఎర్ర రంగు ఒక్క దాంట్లోనే వచ్చింది, సీట్ల వినియోగంలో. మనకి ఆరు వందల ముప్ఫై సీట్లున్నాయట."

"ఎక్కడున్నాయి?"

"అదే నేనూ అడిగాను. పైనుంచి వచ్చిన అంకె అన్నారు."

"ఎంత పైనుంచి?"

"ఏమో, చాలా పైనుంచే అనుకుంటా" అని ఆవిడ ఎర్ర పెన్నుతో సీలింగు వైపు చూపించింది.

సరే, పైనుంచే మొదలుపెడదామని బాబాయి బోర్డు ఆఫీసు నాలుగో అంతస్తుకి ఎక్కాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ భవనానికి రోజూ వస్తున్నాడు గానీ, నేలమాళిగ నుంచి మొదటి అంతస్తు దాటి ఎక్కడం అదే మొదలు. నాలుగో అంతస్తులో బోర్డు సమావేశాల హాలుంది. ఖాళీగా ఉంది. లోపల అటెండరు తొమ్మిది కుర్చీలు తుడుస్తున్నాడు.

"తొమ్మిది మందీ ఎన్నికల్లో గెలిచి వచ్చినవాళ్ళే బాబాయ్. అధ్యక్షురాలు మధ్యలో కూర్చుంటుంది. ఒకాయన మందుల షాపు, ఒకావిడ లాయరు, ఇంకొకాయన నిద్రపోతాడు. కానీ ఓటు వేసేటప్పుడు లేస్తాడు. డబ్బు రెండు చోట్ల నుంచి వస్తుంది. పిల్లల తలకింత అని ప్రభుత్వం ఇస్తుంది, ఇంటి పన్నులో కొంత వాటా నగరం ఇస్తుంది. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, భవనానికి కరెంటు మాత్రం తగ్గదు. అందుకే ఖాళీ సీట్లంటే వీళ్ళకి ఒళ్ళు మంట."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"పదేళ్ళుగా వీళ్ళకి టీ ఇస్తున్నా. చెవులు మూసుకుని ఇవ్వలేను కదా."

"మరి మెట్ల బడిలో సగం ఖాళీ అని లెక్కేసింది వీళ్ళేనా?"

"వీళ్ళు లెక్కెయ్యరు, చేతులెత్తుతారు. కాగితం మూడో అంతస్తు నుంచి వస్తుంది."

మూడో అంతస్తు డైరెక్టర్‌ది. డైరెక్టర్ ఎన్నికైన మనిషి కాదు, బోర్డు పెట్టుకున్న ఉద్యోగి. కలవాలంటే ముందు పి.ఏ.ని దాటాలి. పి.ఏ. మాత్రం చాలా మర్యాదస్తుడు, ఎవర్ని ఎటు పంపినా కూర్చోబెట్టి పంపుతాడు.

"డైరెక్టర్ గారు సంతకం పెట్టారంతే. ప్రతిపాదన తయారయ్యేది రెండో అంతస్తులో, ప్రణాళికా విభాగంలో" అన్నాడు.

రెండో అంతస్తులో ప్రణాళికాధికారి బాబాయిని చూసి ముందు తన డ్రాయరు చూపించాడు, జామ్ అయిందని. బాబాయి దాన్ని బయటికి లాగి, పట్టాలకి కాస్త మైనం రాసి, రెండు వేళ్ళతో తోశాడు. డ్రాయరు వెన్నలా జారింది. అధికారి మొహమూ అలాగే అయింది.

"చూడు బాబాయ్, నాకు ఏ బడి మీదా కోపం లేదు. నా పని ఒక గీత గీయడం. సీట్లలో సగం కంటే తక్కువ నిండితే గీత కింద, ఎక్కువ నిండితే గీత పైన. మీ మెట్ల బడి వందకి నలభై ఐదు కూడా లేదు, కింద పడింది. అదే హైవే అవతల చూడు, ఇటు ఉత్తరం వైపు చూడు. ఏడు బడుల్లో పిల్లలు కిందే కూర్చుంటున్నారు. బెంచీలు కావాలని మూడేళ్ళుగా రాస్తున్నారు పాపం."

"మరి ఇవ్వలేదేం?"

"స్టాకు లేదుగా! నేను ప్రతిసారీ మొదటి అంతస్తుకి రాస్తాను, మిగులు బెంచీలు ఉన్నాయా అని. వాళ్ళు ప్రతిసారీ లేవని రాస్తారు."

బాబాయికి చెవి వెనక ఎక్కడో చిన్న దురద మొదలైంది. బల్ల పైకి బాగానే ఉండి, లోపల పురుగు పట్టినప్పుడు వేలికి తగిలే సన్నటి పొడి లాంటి అనుమానం అది.

"ఈ సీట్ల అంకె కూడా మొదటి అంతస్తు నుంచేనా?"

"అన్ని అంకెలూ అక్కణ్ణుంచే."

మెట్లు దిగుతూ బాబాయి వేళ్ళు మడిచి చూసుకున్నాడు. నాలుగు, మూడు, రెండు, ఒకటి. పైనుంచి వచ్చిన అంకె అన్నారు. తానేమో పొద్దుట్నుంచీ దాని వెంటపడి కిందికి దిగుతున్నాడు. ఇంకో అంతస్తు దిగితే తన షెడ్డే.

మొదటి అంతస్తులో గణాంకాల విభాగం. అక్కడ ఒక్కతే గుమాస్తా, పాతికేళ్ళు కూడా ఉండవు. బల్ల మీద కాగితాల కట్టలు రెండు వైపులా గోడల్లా లేచి ఉన్నాయి, మధ్యలో ఆ అమ్మాయి కళ్ళజోడు కనిపిస్తోంది.

"తల్లీ, ఒక బడిలో ఎన్ని సీట్లున్నాయో ఎలా తెలుస్తుంది మీకు?"

"గదులు కొలవాలి బాబాయ్, రూలు ప్రకారమైతే. కానీ కొలిచే మనిషి రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఆ పోస్టు నింపలేదు. అందుకని మా పాత మేనేజరు గారు ఒక ఉపాయం కనిపెట్టారు. బెంచీలు లెక్కపెడితే చాలన్నారు. బెంచీకి ముగ్గురు. బెంచీలకైతే చీటీలుంటాయి కదా!"

"ఏం చీటీలు?"

ఆ అమ్మాయి ఒక కట్ట దారం విప్పింది. గులాబీ రంగు చీటీలు. ఆ రంగు బాబాయికి బాగా తెలుసు.

బెంచీ బాగుచేసిన ప్రతిసారీ మూడు రంగుల చీటీ రాయాలి. తెల్లది లారీ వాడికి, పసుపుది షెడ్డులో, గులాబీది పైకి. చీటీలో బెంచీ నంబరు, చేసిన పని, 'పంపిన బడి', సంతకం, అంతే. 'దాచిన చోటు' అని గడి లేదు. 'పంపిన బడి' గడి ఖాళీగా ఉంటే ఆ నెల పని చేసినట్టు లెక్కలోకి రాదు. కొన్ని బెంచీలకి పంపమని ఉత్తర్వేమో ఎవరూ ఇచ్చేవారు కాదు. అందుకని బాబాయి పదకొండేళ్ళుగా, తడవకుండా పెట్టిన ప్రతి బెంచీకీ, ఆ గడిలో 'మెట్ల బడి' అని గుండ్రటి అక్షరాలతో రాస్తూ వచ్చాడు.

"మెట్ల బడికి మొత్తం రెండు వందల పది బెంచీలు బాబాయ్. క్లాసు గదుల రిజిస్టరులో తొంభై ఎనిమిది. ఆ తర్వాత ఏటా పదో పదకొండో పంపిస్తూనే ఉన్నారు. మొత్తం నూట పన్నెండు. ఆ బడికి అన్ని బెంచీలెందుకో నాకూ అర్థం కాదు." అమ్మాయి చీటీని దగ్గరగా పట్టుకుంది. "కింద సంతకం ఎవరిదో గానీ ముచ్చటగా ఉంటుంది. చివర్న ఉలిలా తోక కూడా పెడతాడు."

"మిగులు బెంచీలు ఉన్నాయా అని రెండో అంతస్తు వాళ్ళు అడిగితే...?"

"అన్నీ పంపించేశారని ఇందులో ఉందిగా. లేవని రాసేస్తా."

బాబాయి చాలాసేపు ఆ సంతకం తోక వైపు చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో వేలాది బెంచీలు తిరగేసి ఎవరు ఏం చేశారో కనిపెట్టిన మనిషి. తన పేరు చెక్కి ఉన్న బెంచీ దొరకడం ఇదే మొదలు.

ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాడు. కూతురు డ్యూటీలో ఉంది, భార్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆవిడ చివరిదాకా విని, చేతిలో కాయ కింద పెట్టింది.

"అంటే బడి మూయిస్తోంది మీరేనా?"

"నేను మూయించడమేంటే! తడవకుండా పెట్టాను."

"నాలుగంతస్తులు తిరిగి మీ ఇంటి అడ్రసు మీరే కనుక్కొచ్చారు. సెహబాస్."

"చెప్తే సంజాయిషీ అడుగుతారు. అనుమతి లేకుండా బోర్డు ఆస్తి తాళం వేసి పెట్టానంటారు. ఇంకా పదకొండు నెలలుంది. పెన్షను ఆపేస్తే?"

"చెప్పకపోతే?"

బాబాయి మొలతాడుకి కట్టుకున్న మూడు తాళంచెవుల్ని వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. గుమ్మంలో పిడుగు కనిపించింది. అంతా విన్నదని మొహమే చెప్తోంది.

"తాతయ్యా, ఆ పై గదుల్లో బెంచీలా ఉన్నాయి? మేమందరం దెయ్యం ఉందనుకుంటున్నాం. తాళం నీ దగ్గరే ఉందా?" దానికి బడి సంగతి మరుపుకొచ్చినట్టుంది. "నాకోసారి చూపిస్తావా?"

"ముక్కు మీ తాతదే" అంది అమ్మమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి నాలుగో అంతస్తు హాలు నిండింది. కూతురు డిపోలో బతిమాలుకుని డ్యూటీ మార్చుకుని యూనిఫారంలోనే వచ్చింది. హెడ్ మేడమ్ చివరి వరసలో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. బాబాయి టోకెను నంబరు ఆరు.

ఆయన భయపడుతూనే కళ్ళప్పగించి చూశాడు. ఇన్నేళ్ళు తన నెత్తి మీద నడిచింది ఇదా! తొమ్మిది కుర్చీల్లో ఎనిమిదింట మనుషులున్నారు, లాయరమ్మ రాలేదు. నిద్రపోయే సభ్యుడు అటెండరు చెప్పినట్టే నిద్రపోతున్నాడు. ఒక అంశం మీద పన్నెండు నిమిషాలు వాదించుకున్నారు, తీరా చూస్తే అది బాత్‌రూము తలుపుల రంగు. తర్వాతిది, చదువులో వెనకబడ్డ తొమ్మిది బడులకి అదనపు టీచర్లు. అరనిమిషంలో అందరూ చేతులెత్తేశారు. తలుపుల రంగు మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది కాబోలని బాబాయి అనుకున్నాడు.

మాట్లాడేవాళ్ళ కోసం ఒక చెక్క స్టాండు ఉంది, దాని మీద మైకు, పక్కనే చిన్న దీపం. ఆకుపచ్చగా వెలిగితే మాట్లాడాలి, పసుపు వస్తే ముగించాలి, ఎరుపు వస్తే మైకు ఆగిపోతుంది.

"టోకెన్ ఆరు" అని పిలిచారు.

బాబాయి వెళ్ళి స్టాండు మీద చెయ్యి వేశాడు. అది ఊగింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆయన మళ్ళీ చెయ్యి వేశాడు. మళ్ళీ ఊగింది. ఎడమ వెనక కాలు పొట్టి, దారం మందమంత.

"మీ సమయం మొదలైందండీ" అంది అధ్యక్షురాలు.

"ఒక్క క్షణం అమ్మా" అని బాబాయి వంగాడు. టోకెన్ కాగితాన్ని రెండు మడతలు పెట్టి కాలి కింద తోశాడు. చాల్లేదు. ఇంకో మడత పెట్టాడు. వెనక నుంచి కూతురు "నాన్నా!" అని పళ్ళ బిగువున అరిచింది. హాల్లో నవ్వులు. ఆయన లేచి, స్టాండుని నాలుగు మూలలా నొక్కి చూసుకుని తృప్తిపడేసరికి నిమిషం పావు అయిపోయింది.

"అమ్మా, నేను ఈ ఆఫీసు కింద షెడ్డులో వడ్రంగిని. మెట్ల బడిలో ఆరు వందల ముప్ఫై సీట్లు లేవు. రెండు వందల తొంభై నాలుగే ఉన్నాయి. మిగతావి నావి."

నిద్రపోయే సభ్యుడు కళ్ళు తెరిచాడు.

"మీవంటే?" అన్నాడు మందుల షాపాయన.

"నేను బాగుచేసిన బెంచీలండీ. షెడ్డులో చెమ్మ. తడుస్తాయని ఆ బడి పై గదుల్లో పెట్టి తాళం వేశాను. చీటీలో పంపినట్టు రాశాను, దాచానని రాయడానికి గడి లేదు. మొదటి అంతస్తు అమ్మాయి చీటీలు లెక్కపెట్టింది, రెండో అంతస్తు సారు గీత గీశారు, మూడో అంతస్తులో సంతకమైంది, మీ దగ్గరికి వచ్చింది. ఎవరూ తప్పు రాయలేదమ్మా, నేను తప్ప. ఇంకో సంగతి. ఏడు బడుల్లో పిల్లలు నేల మీద కూర్చుంటున్నారు, స్టాకు లేదంటున్నారు. స్టాకు నూట పన్నెండు బెంచీలు. ఇవిగో తాళాలు."

మొలతాడు నుంచి చెవులు విప్పబోతే ముడి బిగుసుకుపోయింది. దీపం పసుపైంది. ఆయన లాగుతూనే ఉన్నాడు. దీపం ఎర్రబడి మైకు టక్కుమని ఆగిపోయింది. అప్పటికి ముడి ఊడింది. మూడు చెవులూ స్టాండు మీద పెడితే ఆ చప్పుడు మైకు లేకుండానే వెనక వరసదాకా వినిపించింది. స్టాండు మాత్రం కదల్లేదు.

అధ్యక్షురాలు కుర్చీలో ముందుకి వంగింది. "మీరు వచ్చి చెప్పకపోతే మాకు తెలిసే దారేది?"

"నాకే మంగళవారం దాకా తెలీదమ్మా."

డైరెక్టర్ లేచి, విలీనం వల్ల ఎలాగూ ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఆమోదించేయవచ్చన్నాడు. మందుల షాపాయన, పై గదులకి వెళ్ళి చూడకుండా చెయ్యి ఎత్తేది లేదన్నాడు. నిద్రపోయే సభ్యుడు, ఇంకా ఎన్ని బడుల లెక్కలు ఇలా ఉన్నాయని అడిగాడు. ఆయన బోర్డుకి ఎన్నికయ్యాక అడిగిన మొదటి ప్రశ్న అదేనని అటెండరు తర్వాత ప్రమాణం చేసి చెప్పాడు. గదులు తెరిచి లెక్క సరిచూసేదాకా విలీనం ఆపాలా వద్దా అని ఓటు పెట్టారు. ఆపాలని నలుగురు, వద్దని ముగ్గురు. అధ్యక్షురాలు చివరన, ఆపాలని చెయ్యి ఎత్తింది. ఐదు, మూడు. సోమవారం తనిఖీ. అప్పటికి ఆ బెంచీలు ఆ ఏడు బడులకి వెళ్ళిపోవాలి, ఉండిపోతే పాత లెక్కే ఖాయం. అనుమతి లేకుండా పెట్టినందుకు వడ్రంగి వారం రోజుల్లో సంజాయిషీ రాయాలి.

శని, ఆది వారాలు మెట్ల బడి మెట్లకి విశ్రాంతి లేదు. లారీ సందులోకి రాదు కాబట్టి బెంచీలు పదిహేడు మెట్లూ మనుషుల భుజాల మీదే దిగాలి. కూతురి డిపో నుంచి నలుగురు కండక్టర్లు, ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. "నిలబడద్దు, ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని కూతురు పై మెట్టు మీంచి అలవాటుగా అరుస్తుంటే కింద డ్రైవర్లు బెంచీ మోస్తూనే విరగబడి నవ్వారు. గణాంకాల అమ్మాయి కూడా వచ్చింది, చీటీల కట్ట చంకలో పెట్టుకుని. ఒక్కో బెంచీ దిగినప్పుడల్లా ఒక చీటీ మీద అడ్డగీత గీసింది. ఆఖరి బెంచీ లారీ ఎక్కేసరికి ఆదివారం ఎండ దిగిపోతోంది. అమ్మాయి దగ్గర ఒక చీటీ మిగిలింది.

"నూట పదకొండే బాబాయ్."

అందరూ మళ్ళీ పైకి పరిగెత్తారు. మూడు గదులూ ఖాళీ. అన్నేళ్ళ తర్వాత తెరిచిన కిటికీల్లోంచి వెలుతురు నేల మీద పరుచుకుని ఉంది. మూడో గది మూల, తలుపు వెనక, నూట పన్నెండో బెంచీ మీద పిడుగు కూర్చుని ఉంది. కూర్చుంది కూడా కాదు, తల కిందికి వేలాడేసి బెంచీ అడుగు చదువుతోంది.

"దెయ్యం లేదు తాతయ్యా, కానీ ఇక్కడెవరో సగం బొమ్మ చెక్కారు. గుర్రమో కుక్కో తెలీడం లేదు."

"దిగవే, లారీ పోతోంది!" అని తల్లి రెక్క పట్టుకుంది.

బాబాయి కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, మనవరాలి పక్కన మోకాళ్ళ మీద వంగాడు. "గుర్రమే. తోక చూడు" అన్నాడు. ఆ తర్వాతే బెంచీ కిందికి దిగింది.

సోమవారం తనిఖీలో తొంభై ఎనిమిది బెంచీలు తేలాయి. రెండు వందల తొంభై నాలుగు సీట్లలో రెండు వందల ఎనభై ఒక్క మంది. ఎర్ర రంగు ఆకుపచ్చ అయింది, విలీనం జాబితాలోంచి మెట్ల బడి పేరు పోయింది. ఈ ఏటికి పోయింది. మళ్ళీ ఏటి సంగతి మళ్ళీ ఏడు. కూతురు ఆరు గంటల బస్సుకి మామూలుగానే వెళ్తోంది.

సంజాయిషీ పిడుగు చేత రాయించాడు, దాని దస్తూరీ బాగుంటుందని. పైపు పగిలిన రోజు నుంచి మొదలుపెట్టి చెప్తుంటే అది పదకొండు పేజీలైంది, మధ్యలో బస్సు దారుల బెంచీ కథ కూడా వచ్చేసింది. డైరెక్టర్ చదివి మందలింపు ఒకటి రాసి పెన్షను జోలికి పోకుండా వదిలేశాడు. బస్సు దారుల పేజీ మాత్రం ఫైల్లో కనిపించడం లేదట. అది రెండో అంతస్తు డ్రాయర్లో ఉందని అటెండరు అంటాడు.

ఖాళీ అయిన గదుల్లో వెలుతురు బాగుందని తెలిసి చుట్టుపక్కల వీధుల వాళ్ళు వచ్చి ఇరవై నలుగురు పిల్లల్ని కొత్తగా చేర్చారు. హెడ్ మేడమ్ మెట్లు దిగి బాబాయి ఇంటికే వచ్చింది.

"సీట్లు పదమూడే ఖాళీ. పదకొండు మంది నేల మీద కూర్చున్నారు బాబాయ్. నాలుగు బెంచీలు కావాలి. షెడ్డులో ఉన్నాయా?"

"నాలుగూ సిద్ధంగా ఉన్నాయి మేడమ్. నాలుగో అంతస్తు నుంచి కాగితం రానివ్వండి."

"మీరా కాగితం అడిగేది!" అంది ఆవిడ.

కాగితానికి తొమ్మిది రోజులు పట్టింది. రోజూ మధ్యాహ్నం బాబాయి నాలుగో అంతస్తు నుంచి మొదటి అంతస్తు దాకా దిగుతూ, అది ఎక్కడ ఆగిందో కనుక్కుని, ఆగినచోట ఊగే బల్లో తెరుచుకోని బీరువానో ఉంటే బాగుచేసి, దాన్ని ఒక అంతస్తు కిందికి జరిపేవాడు. పదో రోజు అది షెడ్డుకి చేరింది. వెంట కొత్త చీటీల కట్ట కూడా వచ్చింది. 'పంపిన బడి' గడి పక్కన, బోర్డు తీర్మానం ప్రకారం, 'దాచిన చోటు' అని ఇంకో గడి అచ్చు వేసి ఉంది.

బెంచీలు మెట్లెక్కుతుంటే పిడుగు పై మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"ఇవి దాచినవా తాతయ్యా, పంపినవా?"

బాబాయి జేబులోంచి చీటీ తీసి దాని చేతిలో పెట్టాడు. పిడుగు రెండు గడులూ వేలితో తడిమి చదివింది. మొదటి గడిలో 'మెట్ల బడి' అని ఉంది, రెండోది ఖాళీ. చదివి పక్కకి జరిగింది.